పెళ్లి క్యాసెట్లలో కరెంటు మోత: తీసేయాల్సిన రొదా, చదవాల్సిన ఆధారమా?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. బంధువుల ఇళ్లలో 1980లు, 90ల నాటి ఆడియో క్యాసెట్లు, పెళ్లి వీడియో టేపులు పెట్టెల కొద్దీ ఉన్నాయి. వాటిలోని రొదను కృత్రిమ మేధతో తొలగించడం చివరి ఏడాది ప్రాజెక్టుగా చేయాలని ముగ్గురు మిత్రులు అనుకుంటున్నారు. చేతిలో ఉన్నవి మామూలు ల్యాప్‌టాప్‌లు. గైడ్ మాత్రం "ఇది అందరూ చేసేదే, ఇందులో కొత్తేముంది?" అన్నారట. ఏం చేయాలి?

మీ గైడ్ మాటను కాదనలేను. అయితే అంశం మార్చుకోండి గానీ టేపులు వదలకండి. మీరు తీసి పారేద్దామనుకుంటున్న రొదలోనే మంచి ప్రాజెక్టు ఉంది. పైగా ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు రెండు వైపులా చుట్టాలున్న మీలాంటివాళ్లకు అది మిగతావాళ్లకంటే సులువు.

ముందు రొద తొలగింపు సంగతి తేల్చేద్దాం. మాట లేని చోట రొద స్వరూపాన్ని అంచనా వేసి, మిగతా అంతటా ఆ మేరకు తీసివేసే స్పెక్ట్రల్ సబ్‌ట్రాక్షన్ పద్ధతిని బోల్ 1979లో ప్రచురించాడు. దానివల్ల కిచకిచమనే కొత్త చప్పుళ్లు పుట్టుకొచ్చేవి. 1984లో ఎఫ్రాయిమ్, మలా అనే ఇద్దరు గణాంక పద్ధతితో వాటిని బాగా తగ్గించారు. 2017లో జాన్-మార్క్ వాలిన్ ఆర్‌ఎన్‌నాయిస్ అనే చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌ను మామూలు ప్రాసెసర్ మీదే నడిపించి చూపాడు. ఇప్పుడు ప్రతి మీటింగ్ యాప్‌లోనూ ఇలాంటిది ఏదో ఒకటి పనిచేస్తూనే ఉంటుంది. ఒక సెమిస్టరులో మీరు వీటిని మించలేరు, మించాల్సిన అవసరమూ లేదు.

నాకున్న అసలు అభ్యంతరం వేరు. ఏది రొద, ఏది కాదు అన్న నిర్ణయాన్ని ఆ నమూనాలు ఎక్కడో, ఎవరి మాటలతోనో నేర్చుకుని వచ్చాయి. మన వైపు టేపుల్లో ఉండేది ఒట్టి మాట కాదు. ఉత్తరాంధ్ర జానపద కథాగానమైన జముకుల కథ తీసుకోండి. జముకు తీగను మీటుతూ బిగువు మారుస్తుంటే స్వరం మనిషి గొంతులాగే పైకీ కిందికీ జారుతుంది. మాటను మాత్రమే కాపాడటం నేర్చుకున్న నమూనా ఆ జారుడును ఒకచోట ఉంచి, మరోచోట తుంచేస్తుంది. ఈ సరిహద్దు కొండల్లోని గిరిజనుల భాష సవర. ఆ మాటల చివర గొంతులోనే పట్టి ఆపేసే హల్లులు ఉంటాయి. వాటి శక్తి చాలా తక్కువ. అవి పోయాయని సవర రానివాడికి తెలియను కూడా తెలియదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారికి మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. అయినా 1931లో ఆ భాష వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. చెవుడున్న మనిషి అంత శ్రద్ధగా పట్టుకున్న ధ్వనులను చెవులున్న యంత్రం మింగేస్తే ఎవరిని అనాలి?

సరే, ఇక ప్రాజెక్టు విషయం.

క్యాసెట్ నడక నిలకడగా ఉండదు. ప్రామాణిక వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. మామూలు టేప్ రికార్డర్లలో అది క్షణక్షణానికి 0.2 శాతం దాకా అటూ ఇటూ ఊగడం సహజం. బెల్టు సాగితే, రబ్బరు రోలరు గట్టిపడితే ఇంకా ఎక్కువ. సన్నాయి మీద నిలిపిన స్వరం వణికినట్టు వినిపించేది ఇందుకే. దాన్ని సరిచేయాలంటే ఏ క్షణాన టేపు ఎంత వేగంతో నడిచిందో చెప్పే కొలబద్ద టేపు మీదే ఉండాలి. ఆడియో క్యాసెట్ మీద అలాంటిది ఎవరూ పెట్టలేదు. అనుకోకుండా పడినది మాత్రం ఒకటి ఉంది. అదే కరెంటు మోత, మీరు హమ్ అంటున్నది.

రికార్డింగ్ వేళ యంత్రం ఇంటి కరెంటు మీద నడిస్తే 50 హెర్ట్జ్ దగ్గర, దాని గుణిజాలైన 100, 150 దగ్గర సన్నటి గీతలు టేపు మీదికి చేరతాయి. అడాప్టరు ఉంటే 100 గీత బలంగా ఉంటుంది. టేపు వేగం ఊగినప్పుడల్లా ఈ గీతలూ ఊగుతాయి. 50లో 0.2 శాతమంటే 0.1 హెర్ట్జ్. ఒక సెకను ముక్క తీసుకుని ఫోరియర్ రూపాంతరం చేస్తే, అంటే ధ్వనిని పౌనఃపున్యాల గడులుగా విడదీస్తే, గడికి గడికి మధ్య ఎడమే ఒక హెర్ట్జ్ ఉంటుంది. ముక్క పొడవు పెంచితే ఈలోగా ఊగిసలాటే సగటులో కరిగిపోతుంది. అందుకని స్పెక్ట్రోగ్రామ్ చూస్తూ కూర్చోకండి. సంకేతాన్ని 50 హెర్ట్జ్ సంకీర్ణ తరంగంతో గుణించి, కొద్ది హెర్ట్జ్‌ల లోపలి భాగాన్ని మాత్రమే ఉంచి, మిగిలినదాని ఫేజు (తరంగం తన చక్రంలో ఎక్కడుందో చెప్పే కోణం) ఎంత వేగంగా మారుతోందో చూడండి. ఆ మార్పే ఊగిసలాట. పైథాన్‌లో ఇది కొద్ది వరుసల పని. గంట క్యాసెట్‌కు కూడా ఏ ల్యాప్‌టాప్ అయినా క్షణాల్లో చేసేస్తుంది. 100, 150 గీతలు మగవాళ్ల గొంతు మొదలయ్యే చోటే ఉంటాయి కాబట్టి, మాట ఆగిన సందుల్లో మాత్రమే వాటిని నమ్మండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మోతలో రెండు రకాల మోతలు కలిసి ఉంటాయి. రికార్డు చేసినప్పుడు పడినది ఒకటి, ఇప్పుడు మీరు వినిపిస్తున్న యంత్రం కలిపేది ఇంకొకటి. మొదటిది టేపుతో పాటు ఊగుతుంది, రెండోది ఊగదు. రెండూ 50 దగ్గరే ఉండటంతో ఒకదాన్నొకటి పాడుచేస్తాయి. దీనికి తేలిక మార్గం బ్యాటరీల మీద నడిచే ప్లేయరు వాడటం, ల్యాప్‌టాప్ చార్జరు పీకేయడం. ముందుగా పాజ్ నొక్కి, టేపు కదలకుండా ఒక నిమిషం రికార్డు చేసి చూడండి. అప్పుడూ 50 దగ్గర గీత కనిపిస్తే అది టేపుది కాదు, మీ గదిది. ఇక ఒక క్యాసెట్ నుంచి మరో క్యాసెట్‌కు ఎక్కించిన ప్రతిసారీ ఇంకో పొర మోత చేరుతుంది. మీ దగ్గరున్నది అసలు టేపా, నకలుకు నకలా అన్నది ఈ పొరలు చాలాసార్లు చెప్పేస్తాయి.

టేపును కంప్యూటరులోకి ఎక్కించే పద్ధతి గురించి ఒక్క మాట, ఎందుకంటే తొంభై పాళ్లు ఇక్కడే చెడగొడతారు. ప్లేయరు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. హెడ్డు పక్కన స్ప్రింగుతో ఒక చిన్న స్క్రూ ఉంటుంది. చాలా యంత్రాల్లో ప్లే నొక్కినప్పుడు దానికి ఎదురుగా మూత మీద సన్నటి రంధ్రం వస్తుంది. అయస్కాంతం లేని స్క్రూడ్రైవరుతో దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పండి. స, శ లాంటి ఊపిరి అక్షరాలు, తాళాల మోత ఎక్కడ బాగా తేటపడితే అక్కడ ఆపండి. ప్రతి టేపుకూ మళ్లీ చేయాల్సిందే, ఎందుకంటే ఆనాటి యంత్రం హెడ్డు ఏ వాలులో ఉందో ఆ టేపుకే తెలుసు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు, కుదించని వేవ్ ఫైలు చాలు. ధ్వనిని దానంతట అది పెంచి తగ్గించే సదుపాయం ఏది ఉన్నా ఆపేయండి. ఫోనులో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపిన ఆడియో మాత్రం ఈ పనికి కుదరదు. మాట కోసం మలచిన కోడెక్‌లు, అంటే ధ్వనిని కుదించే పద్ధతులు, అట్టడుగు పౌనఃపున్యాలను ముందే కోసేస్తాయి.

ఇంతవరకు చేసినా మంచి ప్రాజెక్టే. కానీ సరిహద్దు సంగతి ఇక్కడి నుంచి మొదలవుతుంది.

2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది విద్యుత్ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే పౌనఃపున్యంలోకి వచ్చింది. అంతవరకు ఆంధ్ర వైపు కరెంటు వేరు, ఒడిశా వైపు కరెంటు వేరు. 1999 నుంచి ఒడిశాలోని జయపురం, విశాఖ దగ్గరి గాజువాక మధ్య విద్యుత్తు ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఉన్నా, గాజువాకలో దాన్ని ఏకముఖ విద్యుత్తుగా (డీసీ) మార్చి మళ్లీ ఏకాంతర విద్యుత్తుగా (ఏసీ) మార్చేవారు. శక్తి హద్దు దాటేది, పౌనఃపున్యం దాటేది కాదు. పైగా అప్పటి పౌనఃపున్యం ఇప్పటిలా 49.90-50.05 మధ్య బుద్ధిగా ఉండేది కాదు. పౌనఃపున్యాన్ని బట్టి ధర కట్టే పద్ధతి 2002-03లో వచ్చేదాకా, కొరత ఉన్న దక్షిణాదిలో 48 వైపు దిగజారడం, మిగులు ఉన్న తూర్పున 51 దాటడం మామూలే. అంటే ఒకే రాత్రి ఒడిశాలోని పర్లాకిమిడిలో జరిగిన పెళ్లి, కొద్ది కిలోమీటర్ల అవతల ఆంధ్రలోని పాతపట్నంలో జరిగిన పెళ్లి వేర్వేరు మోతలతో రికార్డయ్యాయి. ఆ తేడాను టేపులోంచి చదవగలమా? మీ ప్రాజెక్టు ప్రశ్న ఇదీ.

ఆడియో క్యాసెట్ నుంచి నేరుగా చదవలేం. క్యాసెట్ మొత్తం వేగమే ఒక శాతమో రెండు శాతమో తప్పు ఉండవచ్చు, గ్రిడ్ తేడా కూడా అంతే. టేపు నెమ్మదిగా నడిచిందా, కరెంటు నెమ్మదిగా ఉందా అన్నది తేలదు. రికార్డింగులోని మోత నుంచి గ్రిడ్ పౌనఃపున్యాన్ని చదివే విద్యలో పేరున్న రొమేనియా శాస్త్రవేత్త గ్రిగోరాస్ 2000ల మధ్యలో చూపింది డిజిటల్ రికార్డింగుల మీద. వాటి గడియారం క్రిస్టల్‌ది, టేపుది బెల్టుది. ఆయన పద్ధతిని మక్కీకి మక్కీగా మన క్యాసెట్ల మీద పెడితే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

వీడియో టేపు అలా కాదు. దాని మీద కొలబద్ద కావాలనే పెట్టారు. మన పాల్ టీవీ విధానంలో సెకనుకు 25 ఫ్రేములు (పూర్తి బొమ్మలు), 50 ఫీల్డులు (సరి, బేసి గీతలు విడివిడిగా ఉండే సగం బొమ్మలు), బొమ్మను గీసే 15,625 అడ్డగీతలు. ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు. కెమెరాలోని క్రిస్టల్ ఈ లెక్కను నడుపుతుంది. వీహెచ్ఎస్ టేపు అంచున ధ్వని సెకనుకు 2.34 సెంటీమీటర్ల వేగంతో పక్కనే పడుతూ ఉంటుంది. కాబట్టి బొమ్మ ఫీల్డులు లెక్కపెట్టి 50 ఫీల్డులను ఒక సెకను అనుకుంటే, ఆ సెకనుతో కొలిచిన మోత ఆనాటి కరెంటు అసలు పౌనఃపున్యం. ఆడియోను వీడియోతో కొలవడం అన్నమాట. నాకు తెలిసి ఇంతకంటే అందమైన చివరి ఏడాది ప్రాజెక్టు దొరకడం కష్టం.

ఇంకొక సాక్ష్యం బొమ్మలోనే ఉంది. చోక్ ఉన్న పాత ట్యూబులైటు కరెంటుకు రెట్టింపు వేగంతో మినుకుమంటుంది. కరెంటు 48.6 అయితే సెకనుకు 97.2 సార్లు. కెమెరా సెకనుకు 50 ఫీల్డులే తీస్తుంది కనుక ఆ మినుకు 100కీ 97.2కీ ఉన్న తేడాగా, అంటే 2.8 హెర్ట్జ్ నెమ్మది వెలుగునీడగా బొమ్మలో పడుతుంది. ఒక్కో ఫీల్డుకు కెమెరా కన్ను పూర్తి వ్యవధి తెరిచి ఉంటే అసలు మినుకులో సుమారు 3 శాతమే మిగులుతుంది. కంటికి కనిపించదు. కదలని గోడను ఎంచుకుని, ఫీల్డు ఫీల్డుకూ వేల పిక్సెళ్ల సగటు తీస్తే బయటపడుతుంది. కరెంటు 51.4 అయినా ఇదే 2.8 వస్తుంది కాబట్టి ఏ వైపో బొమ్మ చెప్పలేదు. అది మోత చెబుతుంది. రెండు సాక్ష్యాలూ కలిస్తే మీ అంకెను ఎవరూ కదపలేరు. వీడియో మినుకులోంచి గ్రిడ్‌ను చదవవచ్చని గార్గ్, వర్ణ, మిన్ వూ 2011లో చూపారు. మీరు చేసేది ఆ ఆలోచనను పాత అనలాగ్ టేపుకు, ధ్వనితో జతచేసి పెట్టడం.

ఇందుకోసం ఫీల్డులను విడివిడిగా ఉంచాలి. ఎక్కించేటప్పుడే డీఇంటర్లేస్ చేస్తే రెండు ఫీల్డులూ కలిసిపోయి సాక్ష్యం చెరిగిపోతుంది. కుదింపు కూడా వద్దు. 1974లో నాసిర్ అహ్మద్, నటరాజన్, కమిసెట్టి రామమోహన్ రావు ప్రచురించిన డీసీటీ (బొమ్మను తరంగాల గుణకాలుగా మార్చే గణిత పద్ధతి) మీదే తర్వాతి జేపెగ్, ఎంపెగ్‌లన్నీ నిలబడ్డాయి. అది అద్భుతమైన పని, కాదనను. కానీ గుణకాలను గుండ్రం చేసే దశలో ఇలాంటి సన్నటి వెలుగు తేడాలే ముందుగా రాలిపోతాయి. చవక యూఎస్‌బీ క్యాప్చరు పుల్లలు మధ్యమధ్య ఫ్రేములు వదిలేస్తాయి. ఒక్క ఫ్రేము పోయినా కొలబద్ద విరిగినట్టే. వీలుంటే వీహెచ్ఎస్-డీకోడ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చూడండి. హెడ్డు నుంచి వచ్చే ముడి రేడియో సంకేతాన్నే పట్టుకుని, మిగతాదంతా లెక్కల్లో తేలుస్తుంది. వీసీఆర్ విప్పి తీగ అతికించాలి. టంకం పట్టడం వచ్చిన మెకానిక్ మీ ఊళ్లో ఇంకా ఉంటే ఆయన్ను నాలుగో సభ్యుడిగా చేర్చుకోండి, గైడ్ కంటే ఎక్కువ ఉపయోగపడతాడు.

పెళ్లి వీడియోలతో వచ్చే చిక్కులు వేరే. సగం టేపు మీద ఎడిటింగ్‌లో సినిమా పాటలు వేసేస్తారు. ఆ పాట వచ్చిన క్యాసెట్‌కు దాని మోత దానికుంటుంది. తలంబ్రాలు, మంత్రాలు, మేళం యథాతథంగా వినిపించే భాగాలే తీసుకోండి. కెమెరా మీద హాలోజన్ లైటు వెలిగించినచోట మినుకు బాగా తగ్గిపోతుంది, ఫిలమెంటు అంత త్వరగా చల్లారదు. అన్నిటికంటే పెద్ద చిక్కు జనరేటరు. కరెంటు పోయిన రాత్రి పందిట్లో నడిచింది గ్రిడ్ కాదు. జనరేటరు మోత లోడు పడిన ప్రతిసారీ గబుక్కున కుంగి లేస్తుంది, గ్రిడ్ నిదానంగా జారుతుంది. ఈ రెంటినీ వేరుచేయడం కూడా మీ నివేదికలో ఒక ప్రకరణం అవుతుంది. మరొకటి, ఊరు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ గ్రిడ్ అని గుడ్డిగా రాయకండి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రమే రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. ఏ సబ్‌స్టేషన్ నుంచి ఆ ఊరికి లైను వచ్చిందో విద్యుత్ శాఖలో పాతకాపులను అడిగి రాసుకోండి.

ఈ పద్ధతితో టేపు తేదీ, గంట చెప్పేస్తామని మాత్రం అనకండి. దానికి ఆనాటి గ్రిడ్ పౌనఃపున్యం క్షణక్షణం రాసిపెట్టిన పట్టిక ఉండాలి. మీరు చెప్పగలిగేది తేదీ తెలిసిన టేపులో కరెంటు ఏ స్థాయిలో ఉందో, ఒకే పెళ్లిని ఇద్దరు తీస్తే ఆ రెండు టేపులు ఎక్కడ అతుకుతాయో. అది చాలు.

మొదలుపెట్టేటప్పుడు నేరుగా టేపుల మీద పడకండి. మీరే ఒక శుభ్రమైన డిజిటల్ రికార్డింగు తీసుకుని, దానికి 48.6 హెర్ట్జ్ మోత కలిపి, వేగాన్ని తెలిసిన మేరకు ఊపి, మీ ప్రోగ్రాం ఆ ఊపునూ ఆ అంకెనూ తిరిగి ఎంత దగ్గరగా పట్టిందో కొలవండి. మోతను కొద్దికొద్దిగా సన్నం చేస్తూ పోతే ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలుస్తుంది. వైవాలో అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఆ గ్రాఫే. ఆ తర్వాత ఇప్పటి కరెంటును రికార్డు చేసి, అదే సమయానికి గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ కేంద్రం చూపే పౌనఃపున్యంతో పోల్చండి. టేపులు మూడో మెట్టు.

టేపుల యజమానుల అనుమతి కాగితం మీద తీసుకోండి. అవి వాళ్ల ఇంటి ఆడవాళ్లు, పిల్లలు, పోయినవాళ్లు ఉన్న బొమ్మలు. మీకు కావాల్సింది గోడ వెలుగూ కరెంటు మోతా మాత్రమే కనుక మొహాలు నివేదికలో ఎక్కడా రానివ్వకండి, ఎక్కించిన పూర్తి నకలు మాత్రం వాళ్లకు ఇవ్వండి. కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనిపించే క్యాసెట్లను పక్కన పెట్టండి. ఒక్కదాన్ని వీసీఆర్‌లో పెట్టినా ఆ బూజు హెడ్డుకు అంటి, తర్వాత పెట్టే ప్రతి టేపుకూ పాకుతుంది. వాటిని విడిగా విప్పి శుభ్రం చేసిన తర్వాతే ముట్టుకోండి, అదీ ఆఖరున.